పన్నెండు మడుల కెమెరా

బాన్సువాడలో మా టీ కొట్టు పక్కన స్టూడియో నడిపేవాణ్ని తమ్ముడనే పిలిచేదాన్ని. కెమెరా మాటెత్తితే చాలు, సుద్దముక్క తీసేవాడు. డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. తమ్ముడిది ఐదు మెగాపిక్సెళ్లది, ఎదురు షాపువాడిది పన్నెండు. పెళ్లిళ్లన్నీ అటే పోతున్నాయి.

ఒకరోజు బీర్కూర్ రైతు ఒకాయన కూతురి పెళ్లి ఫోటోలు మాట్లాడుకోవడానికి వచ్చాడు. తమ్ముడు మా కొట్టు బల్లమీద సమానంగా రెండు గళ్లు గీసి, ఒకదాన్ని ఐదు ముక్కలు, రెండోదాన్ని పన్నెండు ముక్కలు చేశాడు.

"పటేలా, లోపల వెలుగు పట్టే సెన్సార్ బిళ్ల రెండింట్ల ఒక్కతీరే ఉంటది. దాన్ని పొలమనుకో, మడులు ఎక్కువ చేస్తే ఒక్కో మడి చిన్నగైతది. దాంట్ల వెలుగు తక్కువ పడ్తది, ఫోటో మసకొస్తది."

రైతు చాలాసేపు చూసి తల ఊపాడు. "సమజైంది. మడి చిన్నగుంటేనే నీళ్లు సమంగ నిలుస్తయి. గా పన్నెండుదే మంచిది," అంటూ రోడ్డు దాటాడు.

తమ్ముడు గీతలు తుడిచి నావైపు తిరిగాడు. "అక్కా, ఇగ రేపటిసంది మడులు కాదు, చెరుకుతోని చెప్త. దగ్గర దగ్గర నాటితే గడ సన్నబడ్తది గద."