రెండో న్యాయవాది అన్న మాటలు

దయ్యాలను నేను నమ్మను. ఈ మాటతో మొదలుపెట్టినవాళ్లు ఆ వెంటనే దయ్యం కథే చెబుతారని నాకూ తెలుసు. ఏం చేయను, నా దగ్గరున్నదీ అలాంటిదే. నేను లా చదివినదాన్ని. ఎవరేం చెప్పినా "చూసిందెవరు, రాసిన కాగితమేది" అని అడిగే బుద్ధి నాది. ఇంట్లో దిష్టి తీస్తుంటే ఎర్రనీళ్లు ఎందుకు దండగ అని గొణిగి చీవాట్లు తిన్న రోజులున్నాయి. దీనికి కాగితం ఉంది కాబట్టే రాస్తున్నాను. కాగితం లేకపోతే నేనే నమ్మను.

తొంభైల చివరి మాట. కర్నూలులో ఎల్ఎల్‌బీ అయ్యాక హైదరాబాద్ వచ్చి, మూసాపేటలో మా చిన్నమ్మ వాళ్లింట్లో ఉండేదాన్ని. హైటెక్ సిటీ అంటే అప్పటికి ఒకటే పెద్ద గుండ్రటి భవనం, చుట్టూ బండరాళ్లు. ఊళ్లో కుర్రకారంతా కంప్యూటర్ కోర్సుల మీద పడితే, నేను మాదాపూర్ దాటాక ఓ మేడ పైభాగం కిరాయికి తీసుకుని కొత్తగా పెట్టిన సంస్థలో చేరాను. అంతర్జాతీయ చట్టం, వ్యాపారం రెండూ కలిపి చెప్పే రెండేళ్ల పీజీ కోర్సు. విదేశీ కంపెనీలు వచ్చిపడుతున్నాయి, వాళ్లతో రాసుకునే ఒప్పందాలు చదవడం తెలిసినవాళ్లు కావాలి అనేవారు మా డైరెక్టర్ గారు. మొత్తం పద్దెనిమిది మందిమి. బ్రోషర్ మీద భూగోళం బొమ్మ ఉండేది, క్లాసులో మాత్రం ఫ్యాన్లు రెండే.

అక్కడో పద్ధతి పెట్టారు. రెండో ఏడు మొదట్లో లా చదివినవాళ్లలో ఒకరికి, కామర్స్ చదివినవాళ్లలో ఒకరిని జతచేసేవారు. కోర్సు అయ్యేదాకా ఆ జత మారదు. ఏ పని చేసినా ఇద్దరూ కలిసే చేయాలి, మార్కులు ఇద్దరికీ ఒకటే. నాకు జతపడింది సుజాత.

లింగంపల్లి అమ్మాయి, బీకాం. సెవెన్ సీటర్ ఆటోలో కొండాపూర్ మీదుగా దుమ్ము కొట్టుకుని వచ్చేది. దిగగానే చున్నీ దులుపుకుని నా మొహం చూసి నవ్వేది. "ఏందే వకీలమ్మా, పొద్దుపొద్దుగాల గిట్ల మొకం వెట్టినవ్? చట్టం సంగతి నువ్వు జూస్కో, సరుకు సంగతి నేను జూస్కుంట. ఫికర్ జెయ్యకు." నాకు భయం ఎక్కువ, తనకు అసలు లేదు. సరిపోయిందిలే అనుకునేదాన్ని.

మా చివరి పరీక్ష రాతపరీక్ష కాదు. ఓ ఉత్తుత్తి ఆర్బిట్రేషన్, అంటే కోర్టుకెక్కకుండా ముగ్గురు మధ్యవర్తుల ముందు కూర్చుని గొడవ తేల్చుకోవడం. మాకిచ్చిన కేసులో హైదరాబాద్ కంపెనీ ఒకటి విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ తయారుచేసి పంపింది. అందలేదని వాళ్లు, అందిందని వీళ్లు. మేము హైదరాబాద్ కంపెనీ వైపు. కేసు కాగితాలు ఇంత లావు కట్ట. నేను ఒప్పందంలోని చట్టం భాగమే పట్టుకుని కూర్చుంటే, ఒప్పందం చివర జతచేసిన, ఎవరూ చదవని అనుబంధాలన్నీ సుజాత పెన్సిల్ పెట్టి అక్షరం అక్షరం చదివింది. మా వాదనలో సగానికి పైగా ఆ అనుబంధాల్లోంచి తను తీసిందే. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

పరీక్షకు నెలన్నర ఉందనగా సుజాతకు కామెర్లు వచ్చాయి. మొదట పసరు మందు పోశారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. క్లాసుకు రావడం మానేసింది.

నాకు గుబులు పట్టుకుంది. తన ఆరోగ్యం గురించి అని రాసుకుంటే బాగుండేది. కాదు, నా మార్కుల గురించి. జతలో ఒకరు రాకపోతే ఇద్దరినీ వచ్చే ఏడాదికి తోసేస్తారని క్లాసులో పుకారు. కర్నూలు వెళ్లి ఇంట్లోవాళ్లకు, అయిపోలేదు ఇంకో ఏడాది అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక సోమవారం లైబ్రరీలో కూర్చుని డైరెక్టర్ గారికి ఉత్తరం రాశాను. సుజాత అనారోగ్యంతో రావడం లేదు, నన్ను ఒక్కదాన్నే వాదించనివ్వండి అని రాశాను. అంతటితో ఆపితే ఏ గొడవా లేదు. అది సరిపోదేమోనని ఇంకో వాక్యం చేర్చాను. 'ఆమె మొదటి నుంచీ పనిలో పాలుపంచుకోలేదు' అని.

పచ్చి అబద్ధం. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కవరు జిగురుతో అంటించి, మూత మీద అడ్డంగా ఇంకు గీత గీసి, డైరెక్టర్ గారు లేకపోతే ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మా చిన్నమ్మకు కూడా.

అప్పటికి సుజాతను దవాఖానాలో చేర్చారు. ఆ గురువారం చూడటానికి వెళ్లాను. సుజాత కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది, మాట పైకి రావడం లేదు. వాళ్లమ్మ బయట కూర్చుని ఉంది.

"కేసు యాడిదాక వచ్చిందే?" అని అడిగింది సుజాత.

"జరుగుతోంది. నువ్వు లేకుండా ఎట్లా అవుతుంది, నీ పేరు అట్లే ఉంది" అన్నాను.

"నేనొస్తనే. ఆ ప్రశ్నలు నీకు చాతగావు, పరేషాన్ అయితవ్" అని నవ్వబోయింది. దగ్గు వచ్చింది. పది నిమిషాలు కూర్చుని, బస్సు దొరకదని చెప్పి లేచాను. బస్సులు బోలెడున్నాయి.

ఆదివారం పొద్దున సుజాత పోయింది.

ఆ వారం నేనెలా ఉన్నానో చెప్పడం నాకు చేతకాదు. ఏడ్చాను. ఏడుస్తూనే, ఆ కవరు డైరెక్టర్ గారు చదివి ఉంటారా, వాళ్ల ఇంటికేమైనా కబురు పెట్టారా, అది తన చెవిన పడిందా అని లెక్కలు వేసుకున్నాను. ఆ అబద్ధం తెలిసి పోయిందా, తెలియకుండా పోయిందా? నాకు కావలసిందల్లా తెలియకుండా పోవడం. దేవుణ్ణి పెద్దగా అడగని దాన్ని, అది మాత్రం అడిగాను.

పరీక్ష వాయిదా పడలేదు. మధ్యవర్తులుగా కూర్చునే ఇద్దరు ప్రొఫెసర్లు బొంబాయి నుంచి రావాలి, వాళ్లకు మళ్లీ తీరిక దొరకదన్నారు. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "నువ్వు ఒక్కదానివే వాదించమ్మా. తప్పేముంది, ఆ పిల్ల ఇక లేదు కదా పాపం" అన్నారు. ఉత్తరం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున పదకొండింటికి మా వంతు. పెద్ద హాలు, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, ఎండ బల్లల మీదికి వచ్చేసింది. ఎదురుగా ముగ్గురు మధ్యవర్తులు. కుడివైపు అవతలి జత. ఎడమవైపు నేను, నా పక్కన ఖాళీ కుర్చీ. మూలన స్టెనో నర్సింగరావు గారు. కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. అసలు ఆర్బిట్రేషన్లలో ప్రతి మాటా కాగితం మీదికి ఎక్కుతుంది కాబట్టి మాకూ అలాగే జరగాలని డైరెక్టర్ గారు ఆయన్ను పిలిపించారు. ఆయన షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తర్వాత టైపు చేసి ఇస్తారు. మార్కులు వేసేది ఆ టైపు కాగితాలు చదివాకే.

చట్టం భాగం బాగానే జరిగింది. తర్వాత మధ్యలో కూర్చున్న ప్రొఫెసర్, సాఫ్ట్‌వేర్ అందింది అని ఎప్పుడు అనాలి, డిస్కులు పంపిన రోజునా, కొన్నవాళ్లు పరీక్షించి ఒప్పుకున్న రోజునా అని అడిగారు. అది సుజాత చూసుకున్న భాగం. కట్టలో ఏ పేజీ తెరవాలో నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే బయట బండలు పేల్చే సైరన్ మోగింది. ఆ రోజుల్లో అక్కడ అది రోజూ ఉండేదే. పేలుడు అయ్యేదాకా అందరం ఆగాం. దుమ్ము సర్దుకున్నాక కట్ట తెరిచాను. నా చెయ్యి తిన్నగా మూడో అనుబంధం దగ్గరికి వెళ్లింది. రెండో పేరాలో జవాబు ఉంది. చదివి వినిపించాను. ఎప్పుడో తను చెప్పింది నా బుర్రలో ఉండి ఉంటుంది అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట అనగలను.

చివర్లో ఆ ప్రొఫెసరే, ముగించే ముందు రికార్డులో సరిదిద్దుకోవలసింది ఏమైనా ఉందా అని రెండు పక్షాలనూ అడిగారు. ఆనవాయితీగా అడిగే మాట. అవతలివాళ్లు లేదన్నారు. నేనూ లేదన్నాను. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరం లేచాం.

నాలుగు రోజులకు టైపు కాగితాలు ఇచ్చారు. ఇంగ్లీషులో ఉన్నవాటిని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. నర్సింగరావు గారు దేన్నీ వదలలేదు. దగ్గితే దగ్గు అని, బండ పేలితే పేలుడు వల్ల విరామం అని బ్రాకెట్లో రాశారు. ఆ విరామం కింద ఇలా ఉంది:

'హక్కుదారు రెండో న్యాయవాది: మూడో అనుబంధం. రెండో పేరా చూడు.'

హక్కుదారు అంటే మా హైదరాబాద్ కంపెనీ, రెండో న్యాయవాది అంటే సుజాత. టైపు తప్పు అనుకున్నాను. ఆఖరి పేజీ తిప్పాను. సరిదిద్దుకోవలసింది ఏమైనా ఉందా అన్న ప్రశ్న ఉంది. లేదు అన్న నా జవాబు ఉంది. దాని కింద:

'హక్కుదారు రెండో న్యాయవాది: ఉంది. నేను మొదటి నుంచీ పని చేశాను.'

మెట్ల మీద కూర్చుని ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను.

నర్సింగరావు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన నోట్‌బుక్ తెచ్చి ఆ గీతలు చూపించారు. నా పక్కన ఎవరూ లేరని చెబితే కోపం వచ్చింది ఆయనకు.

"నేను తల్కాయ ఎత్తి సూడనమ్మా. ఇన్నది రాస్త, అంతే. ముప్పై ఏండ్ల సంది గిదే పని. మీ దిక్కుకెల్లి ఇంకో పిల్ల మాట్లాడింది. మెల్లగ మాట్లాడింది, గొంతు జర బొంగురుగుండె. ఆ పిల్లకు పాణం బాగలేదా?"

నోట్‌బుక్‌లోని ఆ పేజీలు జిరాక్స్ తీయించుకుని కూకట్‌పల్లిలో షార్ట్‌హ్యాండ్ నేర్పే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా చదవమన్నాను. ఆయనా అవే మాటలు చదివారు.

మిగిలింది ఒకటే. ఆ ఉత్తరం ఎవరో చదివి ఉండాలి. ఎవరో నర్సింగరావు గారికి చెప్పి ఉండాలి. నన్ను ఏడిపించడానికో, బుద్ధి చెప్పడానికో. అలా అయితే బాగుండునని ఎంత ఆశపడ్డానో! తిట్లు తినడానికి సిద్ధపడి డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఆ ఉత్తరం సంగతి అడిగాను.

"అయ్యో, నీ పేరు రాసున్న ఆ కవరా? లీవు లెటరేమో అనుకున్నానమ్మా. ఇదిగో ఇక్కడే పడేశాను" అని సొరుగులోంచి తీసి ఇచ్చారు.

కవరు ఎవరూ విప్పలేదు. జిగురు అంటించినది అంటించినట్టే ఉంది. మూత మీద నేను అడ్డంగా గీసిన ఇంకు గీత ఎక్కడా తెగలేదు. ఆ వాక్యం రాసిన నేను తప్ప ఈ భూమ్మీద ఇంకెవ్వరూ దాన్ని చదవలేదు. అది ఎవరికీ అక్కరకు రాలేదు. రాయకపోయినా నన్ను ఒక్కదాన్నే వాదించనిచ్చేవారు.

నేను పాసయ్యాను. మూడో అనుబంధం జవాబుకు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. మధ్యవర్తులు ఆ 'రెండో న్యాయవాది'ని పట్టించుకోలేదు. పేర్ల జాబితా సుజాత పోకముందు టైపు చేసింది కాబట్టి స్టెనో గారు పొరపాటు పడ్డారని అనుకుని ఉంటారు. మా ఆయన కూడా అదే అంటాడు. "జాబితాలో రెండు పేర్లున్నాయి, ముసలాయన నీ మాటలే రెండుగా పంచాడు" అంటాడు. సరే, మొదటి వాక్యం అలా పంచాడనుకుందాం. రెండోది నేను అనలేదు కదా. ఆ రోజు నేను లేదు అన్నాను.

"పోనీలే, నీకు సాయం చేసింది కదా, కోపం లేనట్టేగా" అని కూడా అంటాడు మంచి మనిషి. ఆ ఓదార్పు నాకు ఎక్కదు. కోపం ఉందా లేదా అన్నది కాదు నా బాధ. తనకు తెలిసింది. దవాఖానాలో నీ పేరు అట్లే ఉంది అని నేను చెబుతుంటే, ఆ పసుపు కళ్లతో నన్ను చూస్తూ, అప్పటికే తెలిసి నవ్వబోయిందా? పోయాక తెలిసిందా? ఇన్నేళ్లుగా ఇదే తిప్పుకుంటున్నాను. ఏ జవాబైనా నేను తట్టుకోలేను.

వాళ్లమ్మకు చెబుదామని రెండుసార్లు లింగంపల్లి వెళ్లాను. రెండుసార్లూ "మా పిల్ల నీ గురించే చెప్తుండె బిడ్డా" అంటూ టీ పెట్టి ఇచ్చింది. తాగి వచ్చేశాను. మూడోసారి వెళ్లేసరికి ఇల్లు అమ్మేసి ఎటో వెళ్లిపోయారు.

మూసిన కవరులో మాట బయటికెలా వచ్చిందో, రాని మనిషి గొంతు ఆ పెద్దాయన చెవికెలా చేరిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఏదో ఒకటి చెప్పమంటే చెప్పగలను, నేనే నమ్మను. రికార్డులో సరిదిద్దుకోవలసింది ఉందా అని అడిగినప్పుడు మాత్రం ఉంది అనాల్సింది నేను. అనలేదు. చచ్చిపోయిన పిల్ల లేచి వచ్చి తనే చెప్పుకోవలసి వచ్చింది.