సందు వదలని నేల

టూర్లైవ్ నలభై ఒక్క ఏళ్లు ఓడల కార్ఖానాలో ఇనుప పలకలు అతికాడు. అతను అతికిన చోట చీమ కూడా దారి దొరక్క వెనక్కి తిరిగేదని ఆ ఫ్యోర్డు సముద్రపాయ ఒడ్డున చెప్పుకునేవారు. చీమ సంగతి ఎలా ఉన్నా, ఓడ మాత్రం ఒక్కటీ మునగలేదు.

సెప్టెంబరులో అతని భార్య బోర్గ్‌హిల్‌కు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది, మూతి ఒక పక్కకు పోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి చెప్పింది.

"రోజూ నాలుగు వందల అడుగులు వేయాలి, చదునైన నేల మీద. ఈ చలికాలం పోగొట్టుకుంటే కాలు ఇక ఇంతే. మీరు మాత్రం పట్టుకోకండి. ఎదురుగా ఉండండి, చాలు."

ఇల్లంతా ఇరుకు, మెట్లు. బయట గడ్డకట్టిన మంచు. ఇక మిగిలింది గ్యారేజీ. దాని సిమెంటు నేలంటే టూర్లైవ్‌కు హడలు. ఆమె పడితే తుంటి విరుగుతుంది. అందుకే రబ్బరు పరవాలనుకున్నాడు. ఒక వైపు ఇనుముకు బెజ్జాలు వేసే తన డ్రిల్లు బల్ల, మిగతాదంతా ఆమె కసరత్తుకు.

ఆరు రకాల ముక్కలు తెప్పించాడు. తుంటి ఎత్తు నుంచి వాటి మీద గుడ్లు వదిలి చూశాడు. గట్టివాటి మీద గుడ్డు చితికింది. మెత్తవాటి మీద బల్ల ఊగింది. ఒకదాని మీద గుడ్డు ఎగిరి, కిటికీ దాటి, పక్కింటి పిల్లి ముందు పడి, అక్కడా పగల్లేదట. పిల్లి సాక్ష్యం చెప్పలేదు కాబట్టి నమ్మక తప్పదు. అయితే ఆ రబ్బరు కంపు ఇల్లంతా పట్టుకుంది. అదీ పనికిరాలేదు. ఐదు వారాలు గడిచాయి.

"ఇంకెన్ని గుడ్లు పగలగొడతావు ముసలాయనా?" అంది బోర్గ్‌హిల్, సగం నోటితో. "ఈలోగా నా కాలు నేలనే మర్చిపోయేట్టుంది."

"తొందరపడితే మళ్లీ పీకాల్సొస్తుందే."

ఆమె కాలు బాగుచేయడం అతని చేతిలో లేదు. రబ్బరు ఎంచడం ఉంది. అందుకేనేమో ఆ ఎంపిక ఎంతకీ తెమలలేదు.

చివరికి ఇదంతా చూస్తున్న ఆ ఊరి పాడి రైతు సింద్రే విసిగిపోయాడు. "నా కొట్టంలో ఆరు వందల కిలోల ఆవులు పడుకుంటాయి. ఒక్కదాని మోకాలూ చెడలేదు. ఆ రబ్బరు పరుపులే వెయ్యి. బోర్గ్‌హిల్ అంతకంటే బరువా?"

"ఆ మాట ఆమె ముందు అను. నేను దూరం నుంచి చూస్తా."

శనివారం వీధి వాళ్లంతా సాయానికి వచ్చారు. ఒక ఇంట పని పడితే అందరూ చెయ్యేయడం, ఆ ఇంటివాళ్లు వాఫిళ్లనే గళ్ల అట్లూ కాఫీ పెట్టడం అక్కడి ఆనవాయితీ. తలుపు బార్లా తెరిచి, సున్నాకు పద్నాలుగు డిగ్రీల కింద, పరుపులు మోసుకొచ్చారు. డ్రిల్లు బల్ల ముందు మూరెడు సిమెంటు వదిలి, హద్దుగా టూర్లైవ్ ఇనుప పట్టీ బిగించాడు.

"గోడవారన వేలెడు సందు వదులు, రబ్బరు కదా," అన్నాడు సింద్రే.

"నేను పుట్టాక సందు వదల్లేదు," అని టూర్లైవ్ కొయ్య సుత్తితో బిగించాడు. కత్తి మొన కూడా దిగలేదు. అందరూ మెచ్చుకుని, వాఫిళ్లు తిని వెళ్లారు.

ఆదివారం పొద్దున ఆమె కోసం హీటరు వేశాడు. రెండు గంటల తర్వాత నడక బండితో ఆమెను తీసుకొచ్చాడు. నేల మధ్యలో చూలావు పొట్టలా ఉబ్బి ఉంది. చలిలో పరిచిన రబ్బరు వేడికి సాగింది, పోవడానికి చోటు లేదు. ఇక్కడ తొక్కితే అక్కడ లేచింది. మీద కూర్చుంటే అతన్నే ఎత్తింది. కత్తి దింపితే రబ్బరు కత్తిని కరిచి పట్టుకుంది, రెండు చేతులా లాగినా రాలేదు. టూర్లైవ్ అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

బోర్గ్‌హిల్ బండి వదిలి డ్రిల్లు బల్ల అంచు పట్టుకుంది.

"అక్కడంతా సిమెంటే," అన్నాడు.

"తెలుసు. ముప్పై ఏళ్లు దీని మీద నడిచే నీకు కాఫీ తెచ్చాను. లే."

అతను లేచి, ఆమెకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచాడు, రెండు చేతులూ చాచి, ఎక్కడా తగలకుండా. నాలుగో అడుగు దగ్గర ఆమె కాలు వణికింది. అతని చేతులు గాలిలోనే ఆగాయి.

"చూస్తావేం, లెక్కపెట్టు," అంది.

"నాలుగు," అన్నాడు టూర్లైవ్.