ఎవరూ పొమ్మనకముందే

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో సంసారం. భర్త పోయాక అత్తనూ కూతురినీ మిషను తొక్కే పోషిస్తోంది. ఎంత ఖరీదైన గుడ్డకైనా జంకకుండా కత్తెర పెడుతుంది కానీ, ఆఫీసు కాగితం చూస్తే మాత్రం ఆమెకు చెమటలు పడతాయి.

అలాంటి మనిషి తలుపు మీద ఒక ఉదయం బ్యాంకువాళ్లు నోటీసు అంటించిపోయారు. ఓనరు అప్పు కట్టలేదు కాబట్టి ఇల్లు స్వాధీనం చేసుకుంటామని దాని సారాంశం. ఓనరుకు ఫోను చేస్తే ఎత్తడు.

"కొంప మునిగిందత్తా! మనల్ని గెంటేసి తాళం వేస్తారు."

"అలా అని అందులో రాశారా?"

"రాయకపోతే మాత్రం ఊరుకుంటారా?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఎవరూ పొమ్మనకముందే ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. తన గిన్నెలూ చెంబులూ పోతే పోయాయి, నమ్మి ఇచ్చినవాళ్ల గుడ్డలు లోపల చిక్కుకుంటే ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? అదీ ఆమె బెంగ. సగం కుట్టినవీ, కత్తిరించి వదిలేసినవీ దొరికినవి దొరికినట్టు కవర్లలో కుక్కి ఇంటింటికీ ఇచ్చేసి వచ్చింది.

సాయంత్రం ఆ వీధిలోనే ఉండే లాయరమ్మ ఊడిపడింది. లూజు చేయమని ఇచ్చిన నల్లకోటు ఆమె భుజాన ఉంది, దానికి చేతులే లేవు. వాటి బదులు కవర్లో ఎవరి పిల్లాడివో నిక్కరు ముక్కలున్నాయి.

"ఏంటమ్మా ఇది? రేపు కోర్టుకు నిక్కరేసుకుని పోనా?"

టైలరమ్మ నవ్వబోయి బావురుమంది. సంగతంతా విని, లాయరమ్మ తలుపు మీది నోటీసు చదివింది.

"అప్పు చేసిందెవరు?"

"ఓనరు."

"నువ్వు అద్దె ఎగ్గొట్టావా?"

"అయ్యో, ఎప్పుడూ లేదండి!"

"మరి నీకెందుకు వణుకు? ఇల్లు చేతులు మారితే నీ అద్దె ఒప్పందం గాలికి పోదు. నిన్ను పంపాలంటే గడువివ్వాలి, కోర్టుకెళ్లాలి, అక్కడ నీ మాటా వినాలి. ఊరికే వచ్చి తాళం వేస్తే చట్టం ఒప్పుకోదు. ముందు నా కోటు చేతులు వెతుకు తల్లీ."

"పొద్దుట్నుంచీ నేనూ అదే మొత్తుకుంటున్నా" అంది అత్త, చట్టమంతా తనే రాసినట్టు.

ఆ వారంలోనే బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. అప్పుడు లాయరమ్మ పక్కన లేదు. టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి అనేసింది.

"మేం ఖాళీ చేయం సార్. చేయమని కోర్టు చెప్పాలి."

ఆయన కోప్పడలేదు. "నిజమేనమ్మా. ఒప్పందం ఉన్నన్నాళ్లూ ఉండండి. అద్దె మాత్రం ఇకనుంచి బ్యాంకుకు కట్టండి."

అంతేనా! గుండెల మీది బండ దిగిపోయింది టైలరమ్మకు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు వేసి, పరుగున మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆయన నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నిళ్లకు నోటీసులు అంటించాం గానీ, ఈ మాట అన్నది మీరొక్కరే. మిగతావాళ్లు మేం వచ్చేసరికే వెళ్లిపోయారు."

"వాళ్లంతా ఎక్కడికెళ్లారు సార్?"

ఆయనకు తెలియదు.