నన్ను కార్డు అడగని నర్సింహులు

నర్సింహులు దివంగతుడయ్యాడని మొన్న మంగళవారం ఉదయం ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఏ వార్తనైనా ముందు శంకించడం నా స్వభావం. చెప్పిన మనిషినే మూడుసార్లు అడిగాను. మూడోసారి అవతల నుంచి ఏడుపే జవాబైంది. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడకు ఇన్నేళ్లు సెక్యూరిటీ సూపర్‌వైజరుగా నిలిచిన మనిషి, ఆ గేటు దగ్గరే కూలిపోయాడు.

నేను అదే గేటులో విజిటర్ల రిజిస్టరు రాసి విరమించినవాణ్ణి. బడి నాలుగో తరగతితో సరి. తక్కిన చదువంతా పాత పేపర్లలోనే. అయినా నర్సింహులు నన్ను "చదివిన కాకా" అని పిలిచేవాడు.

ఆయన కర్తవ్యనిష్ఠ ఎటువంటిదంటే, కంపెనీ పెద్దాయన ఒకనాడు కార్డు మరచి వచ్చి, "నన్ను గుర్తుపట్టలేదా?" అని గద్దించాడు. "మీ మొకం ఎర్కే సార్. ఇయ్యాల మీ మొకం చూసి తెరిస్తే, రేపు ఇంకో మొకం చూసి తెరవాలె. కార్డు చూపెట్టుండ్రి" అన్నాడు నర్సింహులు. డ్రైవరు ఇంటికి పోయి కార్డు తెచ్చేదాకా పెద్దాయనకు నీడలో తన కుర్చీ వేశాడు. కార్డు రాగానే సలాం కొట్టి గేటు తీశాడు. ఆయన అనుమానంలో ద్వేషం ఉండేది కాదు. అడిగేవాడు, చూసేవాడు, తెరిచేవాడు.

ఆయన కరుణకు సాక్షి బెల్లం డబ్బా. యాదగిరి అనే గార్డు పరగడుపున షుగర్ మాత్ర వేసుకుని డ్యూటీలో చెమటలు కక్కుతూ పడిపోయాడు. నర్సింహులుకూ షుగరే; షుగర్ దిగిపోయిందని పసిగట్టి నోట్లో బెల్లం పెట్టి బతికించాడు. మర్నాడే గార్డుల గదిలో స్టీలు డబ్బా నిండా బెల్లం, సొరుగులో షుగర్ చూసే మిషను వెలిశాయి. "చెమటలు పట్టినయా? ముందుగాల బెల్లం, తర్వాత ముచ్చట" అని అందరికీ నేర్పాడు. మిషను సొరుగులోనే పడి ఉంది. బెల్లం మాత్రం ఆచారమైంది.

పోయిన ఎండాకాలం నుంచి ఆ డబ్బాను ఆయనే ఖాళీ చేయసాగాడు.

"ఏంది నర్సింహులు, చీమలకైన ఉంచవా?" అన్నాను.

"షుగర్ దిగుతున్నది కాకా. పార్కింగు ర్యాంపు ఎక్కితే చాలు, చెమటలు, దమ్ము. ఊపిరందది."

లోకంలో దేన్నైనా శంకించే నేను ఆ చెమటను శంకించలేదు.

భార్య లక్ష్మమ్మ పోరగా పోరగా దవాఖానకు కదిలాడు. తోడు నేను వెళ్లాను. గుండె రక్తనాళాలకు రంగు మందు ఎక్కించి ఫొటోలు తీశారు. డాక్టరమ్మ కోస్తా మనిషి, మాట మెత్తన. "నర్సింహులు గారూ, మూడు నాళాలూ బాగా మూసుకుపోయాయండి. మీకు షుగర్ ఉంది కనక స్టెంట్ల కంటే బైపాస్ ఆపరేషనే మేలు" అంది.

"ఛాతీల నొప్పే లేదు గదమ్మా?" అన్నాను.

"షుగర్ ఉన్నవాళ్లకి ఒక్కోసారి నొప్పి తెలియదండి. ఆయాసం, చెమట, వాటినే నొప్పి అనుకోవాలి."

నొప్పి లేని రోగానికి కోతా! దవాఖానకు ఇంతకంటే మంచి బేరం ఉంటుందా అనుకున్నాను. కొత్తగూడలో చాయ్ తాగుతూ ఆయనతో అన్నాను: "చందానగర్ల మా పక్కింటాయనకు స్టెంటు ఏసి మూడో దినమే ఇంటికి పంపిన్రు. నీకే ఛాతీ ఎందుకు కోస్తరు? జర ఆగు. నేను చదివి చెప్త."

"నువ్వు చదివినోనివి. ఆగుత కాకా."

నేను చదువుతూనే ఉన్నాను. ఆయన ఆగే ఉన్నాడు.

మంగళవారం ఉద్యోగులు లోపలికి వచ్చే వేళ ఆయన ఒళ్లంతా చెమట. యాదగిరి పరుగున వచ్చి నోట్లో బెల్లం పెట్టాడు. తగ్గలేదు; ఇంకో ముక్క పెట్టాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టి షుగర్ ఎక్కుతుందని ఎదురుచూశారు. చివరికెవరో మిషను తీసి వేలు గుచ్చితే షుగర్ దిగనే లేదు, పైనే ఉంది. ఆ చెమట గుండెది. అంబులెన్సుకు ఫోన్ చేసింది అప్పుడు.

"నేనే బెల్లం పెట్టిన కాకా" అని యాదగిరి నా చెయ్యి వదలడు. నువ్వు పెట్టింది ఆయన నేర్పిన ప్రేమేరా నాయనా. ఆగమన్నది నేను.

చెకప్‌కు ఆయన రెండు రోజుల సెలవు అడిగితే మొహం చిట్లించిన సెక్యూరిటీ ఏజెన్సీ, ఇప్పుడు గేటుకు ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి పూలదండ వేసింది. ఆ పూలదండను నేను నమ్మను. నిన్న డాక్టరమ్మ దగ్గరికి పోయి, మా పక్కింటాయన సంగతి ఏమిటని ఇన్నాళ్లకు అడిగాను. "ఆయనకి మూసుకుపోయింది ఒక్క నాళమే అయ్యుండొచ్చు, షుగర్ లేకపోయుండొచ్చు. అనుమానం ఉంటే ఆ రోజే నన్ను అడగాల్సిందండి" అంది. కోపంగా అనలేదు.

బెల్లం డబ్బాకు ఇప్పుడు మిషను తాడుతో కట్టి ఉంది. మూత మీద పెయింటుతో నేనే రాశాను: ముందు వేలు గుచ్చండి. షుగర్ దిగకుంటే బెల్లం వద్దు, వెంటనే అంబులెన్సు.

అటువంటి ద్వారపాలకుడు ఆ మేడకు మళ్లీ దొరకడు. నర్సింహులూ, నీకు నా నమస్సులు. వచ్చిన ప్రతి మనిషినీ కార్డు అడిగావు. వైద్యం చెప్పడానికి వచ్చిన నన్ను మాత్రం అడగకుండా లోపలికి రానిచ్చావు.