‘పోతున్న’ రంగనాథ్

ఇంట్లోంచి కాలు బయటపెట్టే మనిషి ‘పోయొస్త’ అంటాడు. హైదరాబాదులో పుట్టిన ప్రతివాడికీ తల్లి ఉగ్గుతో పాటు నేర్పే మాట అది. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇంకా జాగ్రత్త. వాళ్లు పోతూ పోతూ ‘ఆతూఁ’ అంటారు, అంటే వస్తున్నానని. పోవడమన్న ఊసే ఎత్తరు. కిషన్‌బాగ్‌లో ఉండే రంగనాథ్ ఒక్కడే గడప మీద నిలబడి, ఈ జన్మకిక ఇంతే అన్నట్టు ఇల్లంతా ఒకసారి కలయజూసి, “పోతున్న” అనేవాడు. ఎక్కడికయ్యా అంటే మీరాలం మండీకి, వంకాయలకు.

అదేం మాటని అడిగితే అతని జవాబు అతనికుండేది. “పోవుడు నా చేతుల ఉన్నది, గందుకే పోతున్న అంటున్న. వచ్చుడు నా చేతుల ఉన్నదా? లేని దానికి మాటెట్లిస్త?” ఈ తర్కం ముందు పండితులు కూడా నోరు మూసుకున్నారు. మూసుకోనిది అతని అత్తగారు సూర్యప్రభ ఒక్కతే.

పెళ్లయిన కొత్తలో యాకుత్‌పురాలో అత్తవారింటికి వెళ్లి, తిరుగుప్రయాణమప్పుడు ఆవిడ కాళ్లకు దండం పెట్టి “అత్తయ్యా, పోతున్న” అన్నాడు. ఆవిడ ఉన్నపళంగా కూలబడింది. కొత్తల్లుడిని వెనక్కి పిలిచి, కాళ్లు కడిగించి, పెరుగన్నం పెట్టి, సరిగ్గా చెప్పమన్నారు. అతను శ్రద్ధగా పెరుగన్నం తిని మళ్లీ “పోతున్న” అన్నాడు. మళ్లీ కాళ్లు, మళ్లీ పెరుగన్నం. ఈలోగా స్టేషన్లో బండి వెళ్లిపోయింది. పోతున్నానని చెప్పి పోలేకపోయానే, మాట తప్పిందే అని అల్లుడు ఆ పూటంతా బాధపడ్డాడు.

ఆఫీసులోనూ ఇదే తంతు. కొత్తగా వచ్చిన దొరతో సాయంత్రం “సాబ్, పోతున్న” అంటే ఆ పెద్దమనిషి అది రాజీనామా అనుకున్నాడు. తెల్లారి చూస్తే రంగనాథ్ కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. వస్తానని చెప్పకపోవడమే మంచిదైందని అతను ఆ రోజంతా నిలబడి పనిచేశాడు.

‘పోతున్న’తో అయిపోతే భార్య కోమలవల్లి ఎలాగో సర్దుకునేది. ఆ వెనక అప్పగింతలుండేవి. తాళంచెవి ఇదిగో, తొక్కు జాడీకి గుడ్డ మార్చడం మరిచిపోకు, వంటింటి పెంకు జారింది, వాన పడితే కింద గంగాళం పెట్టు, నేను రాకపోతే మా అన్నకు కబురు చెయ్యి. ఇంట్లో అప్పగింతలు కాగానే వెనక గల్లీలో ఒంటిగా ఉండే ముసలి ఆగమ్మ గదికి వెళ్లేవాడు. “అవ్వా, పోతున్న. నేను రాకపోతే నీకు నీళ్లెవరు తెస్తరు?” అంటూ కుండ మూత తీసి చూసి, నల్లా నుంచి నీళ్లు మోసుకొచ్చి నింపేవాడు. నాలుగు కట్టెలు చీల్చి పెట్టేవాడు. బియ్యం కుండలో చెయ్యి పెట్టి చూసేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదని పెద్దలు ఊరికే అన్నారా అని ఆగమ్మ తిట్టేది. అవునవ్వా అంటూ అతను ఇంకో కడవ తెచ్చేవాడు. వంకాయలకు పొద్దున బయలుదేరిన మనిషి ఎండెక్కాక మండీకి చేరితే అక్కడ మిగిలేవి పుచ్చులే. కోమలవల్లి కాపురమంతా పుచ్చువంకాయలతోనే నడిచింది.

హైదరాబాదు ఇంకా హైదరాబాదు రాష్ట్రంగానే ఉన్న రోజులవి. ఆ ఏడు భాద్రపదంలో వానలు దంచికొట్టాయి. ఆగమ్మకు విషజ్వరం వచ్చి తగ్గింది గాని నోరు చచ్చిపోయింది. జావ పోస్తే పక్కకు నెట్టేసేది. కొర్రమట్ట పులుసైతే తింటానంది. సరేనని బజారు నుంచి చేప తెప్పిస్తే మొహం తిప్పుకుంది. సచ్చిన చేప పులుసు సచ్చెటోల్లకే అంది. ఆమె పెనిమిటి హిమాయత్‌సాగర్ కట్టినప్పుడు రాళ్లు మోసిన మనిషి. బతికున్నన్నాళ్లూ ఆ సాగర్లోనే గాలమేసి, నీళ్లలో ఈదుతున్న చేపను ఈదుతున్నట్టే ఇంటికి తెచ్చేవాడట. అలాంటిది కావాలంది. ఆ పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది, ఆ ముచ్చట ఆమెతోనే పోతుందని గల్లీ అంతా అనుకుంది.

ఆ శనివారం చుట్టాలింట తొట్లె పండుగ. పిల్లను తొట్లెలో వేశారు, పాటలు పాడారు, శనగలు పంచారు. అంతా బాగానే ఉంది. వచ్చేటప్పుడు రంగనాథ్ తొట్లె మీదికి వంగి, ఇరవై రోజుల పసిగుడ్డుతో ఎంతో ప్రేమగా “బిడ్డా, పోతున్న” అన్నాడు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. బాలింత ఏడ్చింది. ఎవరో ఉప్పూ మిరపకాయలూ తెచ్చి పిల్లకు దిష్టి తీశారు.

కోమలవల్లి దారి పొడుగునా అతనికి నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చి దీపం వెలిగించి అప్పుడంది. “ఇంకొకసారి మీ నోట్ల ఆ మాటొస్తే నా మీద ఒట్టు.”

అతని మొహం తెల్లబోయింది. ఒట్టు తప్పే మనిషి కాడు, అబద్ధమాడే మనిషీ కాడు. చెప్పులేసుకుని గల్లీలోకి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి పడుకున్నాడు.

ఆదివారం కోమలవల్లి లేచేసరికి అతను లేడు. ఒట్టు బాగా పనిచేసిందని మొదట సంతోషించింది. తాపీగా కాఫీ కలుపుకుని తాగింది. పెళ్లయ్యాక ఇంత ప్రశాంతంగా కాఫీ తాగడం ఇదే మొదలనుకుంది. గ్లాసు కింద పెట్టాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా తోచింది. తాళంచెవి చేతికివ్వలేదు. జాడీ సంగతి చెప్పలేదు. పెంకు సంగతి చెప్పలేదు. సైకిలు లేదు. లోపలికి వెళ్లి చూస్తే మడినీళ్ల ఇత్తడి బిందె కూడా లేదు.

బిందెతో మనిషికి ఏం పని? గబగబా ఆగమ్మ గదికి వెళ్లింది. అక్కడ ఉన్న కుండలన్నీ అంచుల దాకా నిండి ఉన్నాయి. కట్టెలు పండుగ దాటేదాకా సరిపడేటన్ని చీల్చి ఉన్నాయి. మా ఇంటాయన ఏమన్నా చెప్పాడా అని అడిగితే ఆగమ్మ మంచంలోంచి నీరసంగా తల అడ్డంగా ఊపింది. “ఏం అనలే బిడ్డా. నా దిక్కు చూసి నవ్విండు.”

ఆ నవ్వు సంగతి వినగానే కోమలవల్లి నేరుగా వెళ్లి పక్కింటి తలుపు తట్టింది.

పక్క వాకిలి రైల్వేలో పనిచేసే ఇశ్రాయేలుది. అతను డ్యూటీ నుంచి ఇంకా రాలేదు, భార్య కళావతి ఉంది. అవునమ్మా, అయ్యగారు నిన్న పొద్దుగూకాక వచ్చారంది. ఆమె వంటింట్లో ఉండి సగం సగం విన్నదట. “గట్టి తాడు కావాలె, ఎంత గుంజినా తెగొద్దన్నడమ్మా. ఇంకేంది... హిమాయత్‌సాగర్ల లోతు ఏ దిక్కు ఎక్కువుంటదని గూడ అడిగిండు.”

తాడు, బిందె, సాగర్లో లోతు. ఈ మూడింటినీ కోమలవల్లి మనసు క్షణంలో ఒక ముడి వేసింది. నా ఒట్టే ఆయన్ను మింగింది అనుకుంది. పైట బిగించి గల్లీ మొగలోకి పరుగెత్తింది. కళావతి పొయ్యి ఆర్పి వెంటబడింది.

టాంగా ఎక్కారు. దారి పొడుగునా బతుకమ్మకు గునుగుపూలూ తంగేడూ గంపలకెత్తుకుని జనం ఎదురొస్తున్నారు. కోమలవల్లికి ఏ పువ్వూ కనబడలేదు. ఎదురొచ్చే ప్రతి సైకిలునూ చూస్తోంది. సాగరు నిండిందని, మధ్యాహ్నానికి గేట్లు లేపుతారని టాంగావాలా చెప్పాడు. ఆడవాళ్ల మొహాలు చూసి, “ఫికర్ నక్కో కరో అమ్మా” అని ధైర్యం చెప్పి గుర్రాన్ని అదిలించాడు. కళావతి ప్రభువును తలుచుకుంటోంది. కోమలవల్లికి ఆ అదృష్టమూ లేదు. వాళ్ల ఇలవేల్పు రంగనాథుడు. మొగుడి పేరు నోటితో పలకకూడదు గనుక పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ దేవుడిని కూడా పేరుపెట్టి పిలవలేదు. ‘మా దేవుడా’ అంటే ఆయనకు వినిపిస్తుందో లేదోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది.

కట్ట మీద కావలివాడు ఎవరికోసం వచ్చారని అడిగాడు. పేరేందంటే కోమలవల్లి కళావతి వైపు చూసింది. కళావతి చెప్పింది. నామం పెట్టుకున్న మనిషి ఒకడు పొద్దున్నే కట్ట దాటి అటు దిగాడని, గేట్లు లేపే టైమైంది, జల్దీ వెనక్కి పిలవండని అతను చెయ్యి చూపించాడు.

అక్కడ సైకిలు రాయికి ఆనించి ఉంది. దాని పక్కనే చెప్పులు జతగా విప్పి ఉన్నాయి. చెప్పుల మీద ఉత్తరీయం మడతపెట్టి ఉంది. దానికవతల కంటికి ఆనినంత దూరం నీళ్లే. మట్టి రంగులో, గట్టును తడుముతూ, ఒక్క పడవ కూడా లేకుండా ఉన్నాయి. కోమలవల్లి గట్టు అంచుకు పరుగెత్తింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆ పేరు ఆవిడ నోట్లోంచి వచ్చింది.

“రంగనాథా!”

“ఎవలో గాని జర మెల్లగ” అని కింద రాళ్ల చాటు నుంచి జవాబొచ్చింది. “ఈడ ముఖ్యమైన మాట నడుస్తున్నది.”

దేవుడికి ఈ యాస ఉండదని కోమలవల్లికి తెలుసు. వంగి చూసింది. నీళ్ల అంచున రంగనాథ్ పంచె ఎగగట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన మడినీళ్ల బిందె, ఒళ్లో ఇశ్రాయేలు గాలం, అరచేతిలో ఒక వానపాము. అతను దానితో మాట్లాడుతున్నాడు. “తమ్మీ, నువ్వు పోతున్నవు. వస్తవని నేను మాటియ్యలేను. నీ ఇంటోల్లకేమన్న అప్పగింతలుంటే ఇప్పుడే చెప్పు.”

పొద్దున నుంచీ అతను పట్టింది ఏమీ లేదు. ఒక్కొక్క ఎరకూ ఇలా అప్పగింతలు పెట్టేసరికే పుణ్యకాలం గడిచిపోయింది. కళావతి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది. కోమలవల్లికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రాళ్ల మీదుగా దిగివెళ్లి, నీసు ముట్టని ఇంట్లో పుట్టి ఈ పనేమిటని అడిగింది. గాలమెయ్యమంటే ఇశ్రాయేలుకు సెలవు దొరకలేదట, ఆగమ్మ మెతుకు ముట్టడం లేదట. మరి చేపను చంపితే పాపం కాదా అంది.

“పాపం నాది. పులుసు అవ్వది” అన్నాడతను.

“నాతోటి ఒక్క మాట చెప్పకుంట ఎందుకొచ్చిండ్రు?”

“నువ్వే ఒట్టు పెడితివి గద.”

“పోయొస్త అనొచ్చు గద!”

రంగనాథ్ వానపామును జాగ్రత్తగా తడిమట్టి మీద పెట్టాడు. “సాగరు నిండున్నది, నాకు ఈత రాదు. మూసీ పొంగిన ఏడు మా నాయన పోయొస్తనని చాదర్‌ఘాట్‌కు పోయిండు. మా అమ్మ బతికినన్ని దినాలు ఆయన కంచం కడిగి పీట ముంగట పెట్టింది. పోయొస్తనన్నడు, అబద్ధమాడెటోడు కాదు అనేది. నువ్వు గట్ల కూసోవద్దు కోమలా.”

కోమలవల్లి అతని చేతికంటిన మట్టిని కొంగుతో తుడిచింది. ఇన్నేళ్లు అది చాదస్తమనుకుంది. తన కోసం ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోకూడదనీ, తను లేని పూట ఎవరి కుండా ఖాళీగా ఉండకూడదనీ ఈ మనిషి రోజూ గడప మీద ఇంత ప్రయాస పడుతున్నాడా అనుకుంది. పుచ్చువంకాయలన్నీ ఆవిడ అప్పటికప్పుడే మాఫీ చేసేసింది.

కట్ట మీద కావలివాడు ఈల వేశాడు, గేట్లకు వేళైందని. రంగనాథ్ దిగులుగా గాలం వైపు చూశాడు. కోమలవల్లి గట్టి మనిషి. కళ్లు తుడుచుకుని, తమ్ముడికి అప్పగింతలైపోయాయి కదా, ఇంక వెయ్యమంది. కళావతి ఎర గుచ్చి ఇచ్చింది. గాలం నీళ్లలో పడిన కాసేపటికే తాడు చివ్వున బిగిసింది. అలవాటు కొద్దీ రంగనాథ్ నీళ్లవైపు వంగి, “అయ్యా, నువ్వు పోతు...” అని మొదలుపెట్టి, పక్కనున్న కోమలవల్లిని చూసి ఆగాడు.

“ముందుగాల గుంజుండ్రి” అంది కోమలవల్లి. చెప్పడమే కాదు, తనూ కర్ర పట్టుకుంది. కళావతి ఆవిడ నడుం పట్టుకుంది. ముగ్గురూ కలిసి లాగితే చేతి మూరెడు చేప ఎగిరొచ్చి బిందెలో పడి నీళ్లు మొహాన చిమ్మింది. కోమలవల్లి ఆ బిందెను చూసి, దాని సంగతి రేపు చూసుకుందాంలే అనుకుంది.

“కొర్రమట్ట” అన్నాడు రంగనాథ్ గర్వంగా. “మీసాలు చూడుండ్రి, ఎంత పెద్దమనిషి తీరు ఉన్నదో.”

కొర్రమట్టకు మీసాలుండవు. అది జెల్ల. కళావతి నోరు తెరిచి అతని మొహం చూసి మళ్లీ మూసుకుంది.

సాయంత్రం బిందె ఆగమ్మ మంచం పక్కకొచ్చింది. చేప ఇంకా ఈదుతూనే ఉంది. ఆగమ్మ మోచేతి మీద లేచి బిందెలోకి చాలాసేపు చూసింది. ఆ మీసాలు చూసింది, పక్కన చేతులు కట్టుకుని నిలబడిన రంగనాథ్ నామం చూసింది. “కొర్రమట్టే బిడ్డా. మా ముసలోడు గూడ గిట్లాంటిదే తెచ్చెటోడు” అంది. అతను మురిసిపోయి ఇంకో కడవ నీళ్లకు వెళ్లాడు. కళావతి పులుసు కాచి పెట్టింది. ఆగమ్మ రెండోసారి వడ్డించుకుని తిని, ఉప్పు తక్కువైందని తిట్టింది. జెల్లకు కొర్రమట్టని పేరెలా పెట్టావవ్వా అని కళావతి గుసగుసగా అడిగితే, “నామమోడు పట్టుకొచ్చిన చేప ఏదైనా కొర్రమట్టే. ఆయనతోటి అన్నవంటే చూడు” అని కంచం నాకింది.

సోమవారం రంగనాథ్ ఆఫీసుకు తయారై గడప మీద నిలబడ్డాడు. ఇల్లంతా కలయజూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఒట్టు ఒక పక్క, అబద్ధం ఒక పక్క, మధ్యన అతను. కోమలవల్లి వాకిట్లో మడినీళ్ల బిందెను ముందు రోజు నుంచీ మూడోసారి చింతపండు వేసి తోముతోంది. తల ఎత్తకుండానే అంది.

“ఒట్టు తీసి సాగర్ గట్టు మీద పెట్టొచ్చిన. మీరు పోతున్న అనుండ్రి. వచ్చుడు సంగతి నేను చూసుకుంట.”

అతని మొహం విప్పారింది. “పోతున్న” అన్నాడు, గల్లీ చివరి దాకా వినబడేటట్టు.

నోరు మంచిదైతే ఊరు మంచిదైతదని ఎన్నిసార్లు చెప్పాలె అయ్యా అని వెనక గల్లీలోంచి ఆగమ్మ అందుకుంది. జ్వరం రాకముందటి గొంతు అది, కొంచెం ఎక్కువే తిరిగొచ్చినట్టుంది. రంగనాథ్ చేతిలోని గొడుగు గోడకు ఆనించి, ఆమె కుండ నిండిందో లేదో చూడడానికి వెనక్కి తిరిగాడు.