సోమమ్మ తాపిన నీళ్లు

ఆత్మకూరు దగ్గరి పల్లెలో గొర్లు కాసుకునే సోమమ్మకు కొడుకూ కోడలూ ఏడాది తేడాతో పోయారు. మిగిలింది మనవరాలు సుస్మిత. తల్లి నుంచే హెచ్‌ఐవీ సోకిన పిల్ల. మందులు మొదలుపెట్టిన కొత్తలో బాగానే ఒళ్లు చేసింది. తొమ్మిదో ఏట మళ్లీ దగ్గు, జ్వరం. గౌన్లు వదులయ్యాయి.

పాలమూరు దవాఖానలో నెలనెలా పిల్లను కాంటా ఎక్కించాకే మందులిస్తారు. ఓసారి డాక్టరు, "బరువు తగ్గుతాంది అవ్వా. గిట్లనే అయితే హాస్టల్ల పెట్టాల్సొస్తది," అన్నాడు. వేళకు తిండీ మందూ అందుతాయని ఆయన మంచికే అన్నాడు. పిల్లను గుంజుకుపోతారని సోమమ్మకు వినిపించింది.

ఆమెకు తెలిసిన ఉపాయం ఒకటే. గొర్రెను తూకానికి అమ్మే రోజు పొద్దున్నే ఉప్పు నాకించి, దాహమయ్యాక కడుపునిండా నీళ్లు తాపితే కాంటా మీద బరువు తూగుతుంది. సంతలో సగం మంది చేసే పనే, పక్కవాణ్ణి తిట్టుకుంటూ మరీ చేస్తారు. తర్వాతి నెల సుస్మితకు మామిడికాయ తొక్కుతో అన్నం పెట్టి, బస్సు దిగగానే నీళ్ల సీసా నోటికందించింది.

"ఇగ చాలే అవ్వా!"

"ఇంకో గుక్క. నా బంగారం గదా."

కాంటా ముల్లు ముందుకు జరిగింది. డాక్టరు ముఖం తేటపడింది. ఆపై నెలా అంతే.

మూడోసారి వరుస పొడుగ్గా ఉంది. సుస్మిత కాళ్లు మెలిపెట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఆగుతలేదే."

"జరసేపు ఓపిక పట్టు. కాంటా దిగినంక పోదువు."

ఆ జరసేపే ఎక్కువైంది. పిల్ల కాంటా ఎక్కింది. ఎక్కిన చోటే గౌను తడిసింది, కాంటా తడిసింది, పక్కనే నిలబడి రాసుకుంటున్న దవాఖాన కౌన్సెలర్ యాదలక్ష్మి చెప్పులూ తడిశాయి. వరుసంతా చూస్తుంటే సుస్మిత రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

"ఏం గాదు బిడ్డా, నా చెప్పులకు గూడ తానం కావాలె," అంటూ యాదలక్ష్మి పిల్లను కడిగించి, తన చున్నీ చుట్టి, మళ్లీ తూచింది. ముల్లు పోయిన నెల కంటే చాలా వెనకే ఆగింది. అప్పుడామె నవ్వు పోయింది.

"అవ్వా, పిల్లకెన్ని నీళ్లు తాపినవ్?"

"ఎండ గదా బిడ్డా..."

"నిజం చెప్పు. పోయిన నెల గూడ తాపినవా?"

అవునంటే పిల్లను తీసుకుపోతారు. కాదందామని నోరు తెరిచింది. చున్నీలో ముడుచుకున్న సుస్మిత దగ్గుతోంది, ఆగకుండా. సోమమ్మ నేల మీద కూలబడింది.

"తాపిన. గొర్రెకు తాపినట్టు తాపిన. నా పిల్లను గుంజుకుంటరని."

యాదలక్ష్మి లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్పింది. ఆయన కేకలేస్తే సోమమ్మ తట్టుకునేదేమో. వేయలేదు.

"బరువు చూసే మందు పట్టిందా లేదా అంచనా వేస్తం అవ్వా. ఇన్నొద్దులు నన్ను గుడ్డోన్ని జేసినవ్," అన్నాడు నెమ్మదిగా.

రక్తపరీక్ష చేయించారు. పాత మందు పనిచేయడం లేదు. పైగా ఊపిరితిత్తులకు టీబీ పట్టింది.

"బతుకుతదా సారూ?"

"చూద్దాం. దవాఖానల ఉంచాలె. మాత్రలు మింగించేది నువ్వే."

"నన్ను గూడ ఉండనిస్తరా?"

"నువ్వు లేకుంటె పిల్ల ఉంటదా?"

సోమమ్మ గొర్లను తమ్ముడు మల్లన్నకు అప్పజెప్పి వార్డులో మంచం పక్కన చాప పరుచుకుంది. కొత్త మాత్రలు మింగిన కొన్నాళ్లు పిల్ల కక్కుతూనే ఉంది. కక్కినప్పుడల్లా సోమమ్మ లేచి వెళ్లి నర్సుకు చెప్పేది, దాచకుండా. కోలుకోవడానికి నెలలు పట్టింది. ఒక తరగతి పోయింది. పెరగాల్సిన వయసులో ఆగిన ఎత్తు తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న సుస్మిత తోటి పిల్లల భుజాల దాకా వస్తుందంతే. కానీ మందు పట్టింది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది.

సోమమ్మకేమో చెప్పడం అలవాటైపోయింది. నెలనెలా దవాఖానలో యాదలక్ష్మి ముందు కుర్చీలో కూర్చోకముందే మొదలుపెడుతుంది.

"రాసుకో బిడ్డా. బుధవారం మాత్ర ఆలస్యమైంది. నిన్న బస్టాండుల మిర్చి బజ్జీలు తిన్నది. ఇంకా, గా ఫోన్ల ఎవరితోనో నవ్వుకుంట..."

"అవ్వా! గది గూడ చెప్పాల్నా?" సుస్మిత ఆమె నోరు మూసింది.

యాదలక్ష్మి కలం కింద పెట్టింది.

"చెప్పనీయ్ సుస్మితా. ఎవరితోనట అవ్వా?"