అడ్డంగా చదివిన గీత

తనకు తెలిసిన ఒక్క మాటను, చెప్పడమే పనిగా పెట్టుకున్న మనిషి, నెలల తరబడి ఎందుకు దాచుకుంటాడు? చెబితే ఆయనకు పోయేదేమీ లేదు. ఈ వయసు వరకూ ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు జవాబు దొరకలేదు. వెతికిన ప్రతిసారీ కైలాసమన్న మాత్రం గుర్తుకొస్తాడు.

కైలాసం వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేసే ఇంటివాడు. తండ్రి పోయాక పదో తరగతితో చదువు ఆపి, తల్లి పోశవ్వ పక్కన మగ్గం ముందు కూర్చున్నాడు. డెబ్బై తొమ్మిదిలో మళ్లీ పుస్తకం పట్టాడు. చేనేత శిక్షణ కేంద్రంలో సీటు రావాలంటే ఇంటర్ లెక్కలు పాసై ఉండాలి, వయసు ఇరవై అయిదు దాటకూడదు. అతనికప్పటికే ఇరవై నాలుగు. వచ్చే మార్చిలో తప్పితే ఇక ఆ తలుపు మూసుకున్నట్టే. నౌకరి దొరికితే అమ్మను మగ్గం మీంచి లేపాలని అతని ఆశ. ఆమెకు అప్పటికే చూపు మందగిస్తోంది.

హన్మకొండలో సాయంత్రం పూట నడిచే ఒక ట్యుటోరియల్‌లో మేమిద్దరం ఒకే బెంచీ. మాది చౌరస్తాలో కిరాణా దుకాణం. వయసులో పెద్దవాడు కనుక అన్నా అనేవాణ్ణి. తలలో నూలు పోగులతోనే పరుగున వచ్చేవాడు.

లెక్కలు చెప్పేది రాజేశ్వర్ రావు సార్. చేత్తో గీసిన వృత్తం కూడా వంకర పోయేది కాదు. లెక్కలు ఆయన దగ్గరే నేర్చుకోవాలనేవారు ఊళ్లో. అది అబద్ధం కాదు, నేను నేర్చుకున్నాను.

ప్రమేయాల పాఠం, అంటే ఫంక్షన్లు, మొదలైన రోజు ఆయన చెప్పింది ఇంతే. ఒక సంఖ్య లోపలికి ఇస్తే ఒకే ఒక్క సంఖ్య బయటికి రావాలి. ఒకదానికి రెండు వస్తే అది ప్రమేయం కాదు. చెప్పి, బోర్డు మీద గళ్లు కొట్టి, నోరు తెరిచిన గిన్నె లాంటి గీత గీశాడు.

“కైలాసం, లెవ్వు. ఇది ఫంక్షనేనా?”

“కాదు సార్.”

“ఎందుకు కాదు?”

“ఒక్క వరుసల రెండు చుక్కలు పడ్తున్నయి సార్.”

సార్ అతన్నీ, బోర్డునీ కాసేపు మార్చి మార్చి చూశాడు. చిన్నగా నవ్వి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక అడ్డగీత లాగాడు. “మరి ఇది?”

“అసలే కాదు సార్. వరుసంత నిండింది. అది జంఖానా అంచు సార్.”

క్లాసు గొల్లుమంది. రెండు గీతలూ ప్రమేయాలే. ఆ సాయంత్రం నుంచి అతని పేరు అంచు.

తర్వాత అది రోజూ ఉండే ఆటైంది. పాఠం విసుగనిపించగానే సార్ సుద్దముక్క ఊపేవాడు. “అంచూ, లెవ్వు. అందరికీ నిద్రొస్తాంది, జర నవ్వియ్యి.” ఏటవాలు గీత అడిగితే సరిగానే చెప్పేవాడు. వృత్తం ప్రమేయం కాదని కూడా సరిగానే చెప్పేవాడు. గిన్నె దగ్గర, అడ్డగీత దగ్గర తప్పేవాడు. కొన్ని ఒప్పు కావడం వల్లనే ఎక్కడ దారి తప్పుతున్నాడో అతనికి చిక్కలేదు. క్లాసు అయ్యాక సార్ వెనకాలే మెట్లు దిగేవాడు.

“ఎక్కడ తప్పుతున్ననో జర చెప్పున్రి సార్.”

“చెప్తే నీ బుర్ర ఎప్పుడు పని చేస్తది? ఆలోచించు బిడ్డా, ఆలోచించు,” అని సార్ స్కూటర్ తన్నేవాడు.

సంక్రాంతి దాటాక, దుకాణంలో పరవడానికి ఒక జంఖానా కావాలని మా నాన్న పంపితే కైలాసమన్న ఇంటికి వెళ్లాను. తల్లీ కొడుకులు మగ్గం ముందు పక్కపక్కన ఉన్నారు. ఎదురుగా గళ్ల కాగితం మీద రంగులు నింపిన నక్షా వేలాడుతోంది. కైలాసమన్న దాన్ని పైకి చదువుతున్నాడు. “ఎరుపు నాలుగు, తెల్లది రెండు, మల్ల ఎరుపు నాలుగు.” ఆ వరుస పోగులు పడ్డాక ఇనుప పళ్ల పంజాతో వాటిని కొట్టి బిగించి, వేలు పై వరుసకు జరిపాడు. ఆ వేలు అడ్డంగా తప్ప కదలడం లేదు.

“అన్నా, క్లాసుల గూడ గిట్లనే చదువుతున్నవా?”

“మరెట్ల చదువుతరు? కింది వరుస అయినంక పై వరుస. చిన్నప్పటిసంది గిదే గదా.”

“గ్రాఫ్ అట్ల గాదన్నా. లోపలికిచ్చే సంఖ్యలు అడ్డ అక్షం మీద ఉంటయి, అండ్ల ఒక జాగ పట్టుకో. అక్కడికెళ్లి నిట్టనిలువుగ చూడు. ఎన్ని చుక్కలు తగిలితే అన్ని జవాబులు.”

అతను బొగ్గుముక్కతో గచ్చు మీద గిన్నె గీశాడు. వేలు నిలువుగా నడిపాడు. ఒక్క చుక్క. పక్కకు జరిగి మళ్లీ నడిపాడు. ఒక్కటే. అడ్డగీత వేసి చూశాడు. ఎక్కడ నిలబడినా ఒక్కటే.

“గంతేనా?” అన్నాడు.

“గంతే.”

పోశవ్వ పంజా పక్కన పెట్టింది. “గీ ముక్క చెప్పనీకి గా సారుకు నోరు రాలేదా కొడుకా?”

“ఆయనకేం ఎరుకనే అవ్వా! మగ్గం చూసిండా ఏంది?” అన్నాడు కైలాసమన్న. అంత తేలికగా నవ్వగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు క్లాసు కిక్కిరిసి ఉంది. పరీక్షల ముందు చేరే కొత్త బ్యాచ్‌ను కూడా మాతోనే కూర్చోబెట్టారు. సార్ గిన్నె గీసి, “రా అంచూ. కొత్తోళ్లు వచ్చిన్రు,” అన్నాడు.

“ఇది ఫంక్షనే సార్,” అన్నాడు కైలాసమన్న. బోర్డు మీద వేలు నిలువుగా నడిపి చూపించాడు కూడా.

సార్ మొహం వాడిపోయింది. “ఎవడు చెప్పిండు నీకు?”

“ఆలోచించిన సార్.”

“మజా అంత ఖరాబ్ చేసినవ్ గదరా. పాతదే చెప్పు. మీ నక్షా చదివినట్టు అడ్డంగ చదువు.”

కైలాసమన్న చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. “నేను అడ్డంగ చదువుతున్నట్టు మీకు ఎరుకేనా సార్?”

“మొదటి దినమే ఎరుక. అంచు అన్నవ్ గదా!” సార్ క్లాసు వైపు తిరిగి కన్ను కొట్టాడు. “చదువుతవా, బయటికి నడుస్తవా? డిఫరెన్షియేషన్ మీ అవ్వ చెప్తదా నీకు?”

పరీక్షలో సగం మార్కులు ఆ పాఠం మీదే. కైలాసమన్న ఇటు మా వైపు చూడలేదు. వేలు అడ్డంగా పెట్టాడు.

“కింది వరుసల ఒక్క చుక్క సార్. దాని మీది వరుసల రెండు. దాని మీద రెండు. అందుకని ఫంక్షన్ కాదు సార్.”

కొత్తవాళ్లు బెంచీలు చరిచారు. “ఎండకాలంసంది చెప్తున్న వీనికి. గిదీ తెలివి,” అన్నాడు సార్. మా పాత బ్యాచ్ కూడా నవ్వింది.

అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సార్ బోర్డు తుడిచి, డిఫరెన్షియేషన్ అని పైన రాసి, మొదటి సూత్రం మొదలుపెట్టాడు. నేను తల వంచి రాసుకున్నాను. బెంచీ కొంచెం తేలికైనట్టు అనిపించి తలెత్తేసరికి అతను గుమ్మం బయట వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. పోతున్నానని నాతోనూ అనలేదు, ఆ క్లాసుకు మళ్లీ రాలేదు.